పదిహేడో నంబరు

ఆ వేసవిలో మా లాబ్‌కి ఇరవై కిలోల గ్రంథులు కావలసివచ్చాయి. పశువు మూత్రపిండం మీద కొవ్వులో పూడుకుపోయి ఉండే చిన్న గ్రంథి అది. పశువుకి రెండే ఉంటాయి. ఒక్కోటి తూకం వేస్తే పట్టుమని పదిహేను గ్రాములు రాదు. అంటే తక్కువలో తక్కువ ఏడు వందల పశువుల దగ్గర నిలబడాలి. కోసిన పది నిమిషాల్లో గ్రంథిని మంచుపెట్టెలో పడెయ్యాలి. ఆలస్యమైతే అందులో మాకు కావలసింది దానంతటదే పాడైపోతుంది. లాబ్‌లో అందరికంటే చిన్న ఉద్యోగం నాది, పైగా కబేళా మా ఇంటికి రెండు వీధుల అవతలే. దాంతో ఆ పని చర్చ లేకుండా నా నెత్తిన పడింది.

ఆ గ్రంథిలో ఏముందో మా మేడమ్ మొదటి రోజే చెప్పింది. మన మెదడు నల్లమందు లాంటి పదార్థాన్ని తనంతట తానే తయారుచేసుకుంటుందట. దెబ్బ తగిలినప్పుడు, భయపడినప్పుడు, ఒక్కోసారి తగ్గిపోతుందన్న నమ్మకం కలిగినప్పుడు కూడా అది కాస్త ఊరుతుందట. మెదడులో దొరికేది లేశమంత. ఆ జాతి పదార్థాలే ఈ గ్రంథి లోపలి భాగంలో ఇంకా ఎక్కువగా ఉంటాయి. అందుకని గ్రంథుల్ని నూరి, వడకట్టి, ఆ పదార్థం ఏ ముక్కలతో తయారైందో చూడాలి. నేను తలూపాను. నాకు అర్థమైనదల్లా తెల్లారకముందే లేవాలని.

మూడు వారాలు మోశాను. మేడమ్ వడకట్టింది. ఏమీ రాలేదు. నూరడంలో తప్పుందేమోనని మళ్లీ నూరాం. అయినా రాలేదు. ఆవిడ నన్ను ఒక్క మాట కూడా అనలేదు, అదే నాకు ఎక్కువ కష్టమనిపించింది.

ఒక రోజు పొద్దున బట్టలు మార్చుకుందామని ఇంటికి వచ్చి, పెట్టెలో ఎక్కువైన ముక్కని ఒక గిన్నెలో వేసి వంటింటి గట్టు మీద పెట్టాను. నాన్న నీళ్ల కోసం వచ్చి గిన్నెలోకి చూశాడు. వేలితో ఒకసారి నొక్కి, ఇదెందుకని అడిగాడు. చెప్పాను.

"ఇది టోపీ కాదమ్మాయ్. గడ్డ. మూడు వారాల నుంచి ఈ గడ్డలేనా మోస్తున్నది?"

ఆ గ్రంథిని కబేళాలో టోపీ అంటారు, మూత్రపిండం నెత్తిన కూర్చుని ఉంటుందని. నాన్నకి తెలియక ఎవరికి తెలుస్తుంది? అదే కబేళాలో, పేగులూ కార్జాలూ విడదీసే బల్ల దగ్గర ముప్పై ఒక్క ఏళ్లు పనిచేశాడు. కబేళా వాళ్లు నా చేతిలో పెట్టిందల్లా కొవ్వులో దొరికే మామూలు గడ్డలు. నేను థాంక్స్ చెప్పి మరీ తెచ్చుకున్నాను. నాన్న గిన్నె పట్టుకుని నవ్వాడు. లోపల కుట్టుమిషను ఆపి అమ్మ తొంగిచూసింది. ఆయన నవ్వి చాలాకాలమైంది మరి.

నాలుగేళ్ల కిందట ఎముకలు కోసే రంపం ఆయన ఎడమచేతి చివరి రెండు వేళ్లనీ తీసుకుపోయింది. పుండు ఆరు వారాల్లో మానింది. నొప్పి మాత్రం పోలేదు. అది మిగిలిన వేళ్లలో కాదు, పోయిన వేళ్లలో. చిటికెనవేలు లోపలికి ముడుచుకుపోయి, గోరు అరచేతిలో దిగబడుతున్నట్టు ఉంటుందని మొదట్లో చెప్పేవాడు. ఆ వేలు లేదు, ఆ గోరూ లేదు. డాక్టర్లు మాత్రలు రాశారు, మార్చి రాశారు, చివరికి రాయడం మానేశారు.

మా అన్నయ్య లిఫ్టులు బాగుచేసే మెకానిక్. చెడ్డవాడు కాదు. కానీ తీగ పట్టుకుని వెళితే ఎక్కడో ఒకచోట తెగిన జాగా కనపడాలి, అదే వాడికి తెలిసిన లోకం. ఒకసారి భోజనాల దగ్గర, "తీగే లేనప్పుడు బల్బు ఎలా వెలుగుతుంది నాన్నా?" అన్నాడు. ఎగతాళిగా కాదు, నిజంగానే అడిగాడు. నాన్న అన్నం కలుపుతూ ఉండిపోయాడు. ఆ రోజు నుంచి నొప్పి గురించి ఇంట్లో ఎవరికీ చెప్పడం మానేశాడు. నొప్పి వస్తే చెయ్యి చంకలో పెట్టుకుని వసారాలో అటూ ఇటూ తిరిగేవాడు. మిషను చప్పుడు ఆయనకి గుచ్చుకుంటుందని అమ్మ కుట్టడం ఆపేది. నిద్ర పట్టక ఆయన మెసులుతుంటే తనకీ నిద్ర ఉండదని మంచం నా గదిలోకి మార్చుకుంది. అలా ఇల్లంతా ఒక లేని వేలి చుట్టూ సర్దుకుని కూర్చుంది.

గడ్డ సంగతి తేలిన మర్నాడు నేను బయల్దేరేసరికి నాన్న చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ప్రమాదం తర్వాత ఆయన ఆ వీధి మొగ కూడా తొక్కలేదు. పద, చూపిస్తాను అన్నాడు.

కబేళాలో పాతవాళ్లు ఆయన్ని చూసి కత్తులు దించారు. బల్ల దగ్గర చోటిచ్చారు. ఎడమచేతి మూడు వేళ్లతో కొవ్వుని అదిమిపట్టి, కుడిచేత్తో చిన్న కత్తి తిప్పి, రెండు గీతల్లో గ్రంథిని బయటికి తీశాడు. గడ్డ వేలికి గట్టిగా తగులుతుందని, టోపీ మెత్తగా వంగుతుందని నాచేత నొక్కించి చూపించాడు. అడ్డంగా కోసి, పైన ముదురు గోధుమరంగు, లోపల పాలిపోయిన రంగు ఉంటేనే పెట్టెలో వెయ్యమన్నాడు. ఆ రోజు గంటన్నరలో నలభై వచ్చాయి. రెండు రోజుల తర్వాత మేడమ్ వడకట్టిన నీళ్లలో మొదటిసారి ఏదో కనిపించింది. ఆవిడ కాగితం మీద పైకి లేచిన గీతని నాకు చూపించి, మీ నాన్నగారిని రోజూ తీసుకురా అంది.

అలా రోజూ వచ్చాడు. పనిలో ఉన్నంతసేపూ ఆయనకి కాస్త తేలిగ్గానే ఉండేది. కానీ ఒక పొద్దున, మేడమ్ తానే చూద్దామని కబేళాకి వచ్చిన రోజున, నాన్న చేతిలోంచి కత్తి జారిపోయింది. చెయ్యి చంకలో ఇరికించుకుని గోడవైపు తిరిగి నిలబడ్డాడు. పాతవాళ్లు మర్యాదగా మరోవైపు చూశారు. మేడమ్ మాత్రం దగ్గరికి వెళ్లి, ఎక్కడ నొప్పి అని అడిగింది. లేని వేలు అన్నాడు. ఆవిడ ఆశ్చర్యపోలేదు. ఎలా ఉంటుంది, ఎంతసేపుంటుంది, ముడుచుకుంటుందా, మండుతుందా అని ఒక్కొక్కటే అడిగింది. ఇంట్లో నాలుగేళ్లుగా నోరు విప్పని మనిషి, ముక్కూమొహం తెలియని ఆవిడకి పావుగంట సేపు చెప్పాడు. నేను మంచుపెట్టె పట్టుకుని వింటూ నిలబడ్డాను.

పక్క ఆసుపత్రిలో నొప్పుల డాక్టరు అప్పటికే ఒక పరీక్ష మొదలుపెట్టబోతున్నాడు. మేడమ్ మాట మీద నాన్నని చేర్చుకున్నాడు. ఎనిమిది వారాలు, బుధవారం బుధవారం ఒక ఇంజెక్షన్. డాక్టరు ఏదీ దాచలేదు. కొందరి సీసాల్లో గట్టి నొప్పిమందు ఉంటుంది, కొందరివాటిలో ఉత్త ఉప్పునీరే. ఏదో ఒక వారం అందులో ఇంకో మందు కూడా కలుపుతారు. ఎవరికి ఏది వెళుతుందో మీకూ తెలియదు, నర్సుకీ తెలియదు, నాకూ తెలియదు అన్నాడు. నాన్న సంతకం పెట్టాడు. పదిహేడో నంబరు ఇచ్చారు.

ఆ సీసాలు నింపింది నేను. ఆ వేసవి మొదట్లోనే ఆసుపత్రి వాళ్ల కోసం మా లాబ్‌లో నింపి, ఏ నంబరు సీసాలో ఏముందో నా చేత్తో పట్టిక రాసి, నా బీరువాలో పెట్టి తాళం వేశాను. నాన్న చేరిన రోజున మేడమ్ ఆ పట్టిక తనకిచ్చెయ్యమంది. విప్పి చూడకుండా ఇచ్చేశాను. విప్పాల్సిన అవసరం లేదు. పదిహేడో నంబరుకి ఎనిమిది వారాలూ ఉప్పునీరే. ఏడో వారం మాత్రం ఉప్పునీటిలో అడ్డుమందు. ఒంట్లో పుట్టే నల్లమందుని పని చెయ్యనివ్వకుండా అడ్డుకోవడం తప్ప ఆ మందు ఇంకేమీ చెయ్యదు. రాసేటప్పుడు పదిహేడు దగ్గర చెయ్యి తప్పి, కొట్టేసి మళ్లీ రాశాను. అందుకే గుర్తుండిపోయింది.

నాకు గుర్తుందని మేడమ్‌తో చెప్పాలి. చెబితే నాన్నని పరీక్షలోంచి తీసేస్తారు. అందుకని చెప్పలేదని చాలాకాలం నాకు నేను సర్దిచెప్పుకున్నాను. నిజానికి ఏం జరుగుతుందో చూడాలని కూడా ఉంది.

మొదటి బుధవారం మధ్యాహ్నం ఆయన బస్సు దిగి నడిచివచ్చి, మిషను పక్కనే చాప వేసుకుని పడుకున్నాడు. అమ్మ ఒక అంచు కుట్టి, ఆగి చూసింది. కదల్లేదు. ఇంకో అంచు కుట్టింది. సాయంత్రం నేను వచ్చేసరికి మిషను గడగడా నడుస్తోంది, ఆయన నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. లేచాక ఎడమచెయ్యి ఒళ్లో పెట్టుకుని చాలాసేపు చూసుకుని, "వేలు విచ్చుకుంది" అన్నాడు. అమ్మ నావైపు చూసింది. నేను మంచినీళ్లు తాగడానికి లోపలికి వెళ్లాను.

రెండో వారం అంతే, మూడో వారం అంతే. ఇంజెక్షను తర్వాత నాలుగైదు రోజులు తెరిపిగా ఉండేది, మళ్లీ బుధవారం దగ్గరపడేసరికి కాస్త ముడుచుకునేది. అమ్మ మంచం మళ్లీ ఆయన గదిలోకి మార్చుకుంది. అన్నయ్య, ఆ మందేదో నాలుగేళ్ల ముందే ఇచ్చి ఏడవొచ్చుగా అని డాక్టర్లందరినీ కలిపి తిట్టాడు. మందు బాగా పనిచేస్తోందని వీధిలో కూడా చెప్పాడు. నాన్న కబేళాలో పాతవాళ్లతో పరాచికాలాడేవాడు. తూకం పద్నాలుగు కిలోలకి చేరింది. నేను ఉప్పునీరు, ఉప్పునీరు అనుకుంటూ గ్రంథుల పైపొర ఒలిచేదాన్ని. నా కత్తి కింద ఉన్నదీ, ఆయన తలలో ఊరుతున్నదీ ఒకే జాతి పదార్థమని తెలుసు. తెలిసినా, ఆయన చాప మీద పడుకుని నిద్రపోవడం చూస్తే నమ్మబుద్ధి అయ్యేది కాదు.

ఏడో బుధవారం వచ్చింది. నాన్న పెరట్లో అద్దం పెట్టుకుని గడ్డం గీసుకుంటున్నాడు. డాక్టరు గదిలో ఫ్యాను పాడైందని, అన్నయ్యని పంపిస్తే లిఫ్టు అనుకుని పైకీ కిందికీ నడిపిస్తాడని జోకేశాడు. అమ్మ నవ్వింది. టిఫిను ఎందుకు తినడం లేదని నన్నడిగింది. ఎండకి తినబుద్ధి కావడం లేదన్నాను. ఈ వారం మానెయ్యి నాన్నా అన్న మాట గొంతు దాకా వచ్చింది. ఆయన తువ్వాలు దులిపి దండెం మీద వేసి, వస్తానన్నాడు. సరేనన్నాను.

ఆ రోజు నేను సగం రోజు సెలవు పెట్టాను. ఒంటిగంటకి ఆయన వచ్చాడు. లోపలికి రాకుండా మెట్ల మీదే కూర్చుండిపోయాడు. చెయ్యి చంకలో ఉంది. మొహం సున్నం కొట్టినట్టుంది. అమ్మ మిషను ఆపేసి, ఏమైందండీ అంది. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆసుపత్రి బల్ల మీద రెండు గంటలు కూర్చోబెట్టి చూసి పంపించారని తర్వాత తెలిసింది.

భోజనానికి వచ్చిన అన్నయ్య చెప్పులు విప్పకుండానే నిలబడిపోయాడు. ఇంతమందికి చెప్పుకున్నాను, ఇదేంటన్నాడు. మందు పనిచేస్తే పనిచెయ్యాలి, లేకపోతే లేదు. ఆరు వారాలు పనిచేసి ఏడో వారం మానేసే మందు ఎక్కడైనా ఉందా అన్నాడు.

"బుద్ధి పుడితే వస్తుంది, బుద్ధి పుడితే పోతుంది. దాన్ని నొప్పి అంటారా నాన్నా?"

నాన్న వాడివైపు చూడలేదు. నేను మంచినీళ్ల గ్లాసు పట్టుకుని వాళ్లిద్దరి మధ్య నిలబడ్డాను. ఒక్క మాట చెబితే వాడి నోరు మూతపడేది. గ్లాసు ఆయన పక్కన మెట్టు మీద పెట్టి లోపలికి వచ్చేశాను. నాలుగు రోజులకి గానీ ఆయన కాస్త కుదుటపడలేదు. ఆ నాలుగు రోజులూ కబేళాకి నేనొక్కదాన్నే వెళ్లాను.

ఎనిమిదో బుధవారం ఉప్పునీరు. సాయంత్రానికి వేలు విచ్చుకుంది.

తొలకరి పడ్డాక డాక్టరు ఒక్కొక్కరినీ ఇంట్లోవాళ్లతో పాటు రమ్మన్నాడు. మేం నలుగురం వెళ్లాం. బల్ల మీద ఒక కాగితం, దాని మీద వారానికొకటి చొప్పున నొప్పి చూపించే ఎనిమిది గీతలు. డాక్టరు నెమ్మదిగా చెప్పాడు: మీ నంబరుకి నొప్పిమందు ఒక్కసారి కూడా వెళ్లలేదండీ. మొత్తం ఉప్పునీరే.

అన్నయ్య ఉప్పునీళ్లా అని రెండుసార్లు అడిగాడు. తర్వాత నాన్నవైపు తిరిగి, "నీకు బాగా టోపీ పెట్టారు నాన్నా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ గొంతులో నవ్వు లేదు.

నాన్న కాగితం వంక చూస్తూ, "అంటే నాకు నొప్పి లేనట్టా?" అన్నాడు.

డాక్టరు ఏడో గీత మీద పెన్ను పెట్టాడు. ఆ ఒక్క గీతే మిగతావాటి లాగా కిందికి దిగలేదు. ఆ వారం ఉప్పునీటిలో కలిపిన మందు గురించి చెప్పాడు. మీ నొప్పి ఉత్తదే అయితే, తగ్గడం కూడా ఉత్తదే అయితే, ఆ మందు వల్ల మీకు ఏ తేడా తెలియకూడదు. అది మీరు నమ్మినంత మాత్రాన మారేది కాదు, ఏ వారం ఏది ఇస్తున్నామో అప్పటికి నాకే తెలియదు. మిగతా వారాల్లో మీ నొప్పిని ఆపింది మీ తలలో పుట్టిన మందే. ఏడో వారం దాన్ని మేం ఆపేశాం. "నొప్పీ నిజమే, తగ్గడమూ నిజమే" అన్నాడు.

అన్నయ్య కాగితాన్ని తనవైపు తిప్పుకున్నాడు. మూడు ప్రశ్నలు అడిగాడు, మూడూ మెకానిక్ అడిగే ప్రశ్నలే: ఎంతసేపట్లో పనిచేసింది, ఎంతసేపు ఉంది, వేరేవాళ్లకి కూడా ఇలాగే అయిందా. జవాబులు విని, వేలితో ఏడో గీత వెంట ఒకసారి వెళ్లాడు.

"అంటే లోపల బ్రేకుంది. ఆ బుధవారం బ్రేకు విప్పేశారు. బరువు మాత్రం ముందు నుంచీ ఉంది" అన్నాడు.

డాక్టరు అంతే అన్నాడు. అన్నయ్య కాగితం జాగ్రత్తగా వెనక్కి తిప్పి డాక్టరు ముందు పెట్టాడు. మెట్లు దిగేటప్పుడు నాన్నకి ఎడమ పక్కన నడిచాడు. ఎదురొచ్చే వాళ్లెవరూ ఆ చేతికి తగలకుండా తన భుజం అడ్డం పెట్టాడు. అలా నడవడం నేను ఎప్పుడూ చూడలేదు.

బస్‌స్టాపులో నాన్న నా పక్కకి వచ్చాడు. సీసాలు ఎక్కడ నింపారని అడిగాడు. మా లాబ్‌లోనే అన్నాను. ఎవరు నింపారని అడిగాడు. నేనే అన్నాను.

"ఏ నంబరుకి ఏదో నీకు గుర్తుందా?"

"ఉంది నాన్నా."

"ఆ బుధవారం పొద్దున కూడా?"

"గుర్తుంది."

ఆయన తలూపాడు. మన బస్సు ఎన్నింటికి అని అడిగాడు. పది నిమిషాల్లో వస్తుందన్నాను. అమ్మ మా వెనకే ఉంది. అంతా విన్నట్టుంది, ఇంటికి వెళ్లాక వంటింట్లో నా పక్కన నిలబడి, "తెలిసి పంపించావా?" అంది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

మర్నాడు మేడమ్‌కి చెప్పేశాను. ఆవిడ కోప్పడలేదు. పదిహేడో నంబరుని లెక్కలోంచి తీసేయాలంది. తెలిసిన మనిషి అదే ఇంట్లో ఉంటే, మాట చెప్పకపోయినా మొహం చెబుతుంది. ఆ పొద్దున ఆయన నీ మొహం చూసే ఉంటాడు కదా అంది. టిఫిను తినని సంగతి గుర్తొచ్చింది. తర్వాత అచ్చయిన వ్యాసంలో పదహారు తర్వాత పద్దెనిమిది ఉంది. మిగతావాళ్ల గీతలు చెప్పిందీ అదే, ఆయన గీత లేకపోయినా ఫలితం మారలేదు.

ఈ సంగతి ఇంట్లో కూడా చెప్పాల్సివచ్చింది. నాన్న గీత కొట్టేశారని, దానికి కారణం నేనేనని అన్నయ్యతో చెప్పాను. వాడు మళ్లీ మొదటికొస్తాడేమోనని భయపడ్డాను. వాడు బూట్లకి లేసులు కట్టుకుంటున్నాడు.

"వాళ్లు కొట్టేస్తే కొట్టేసుకోనీ. ఆ రోజు మెట్ల మీద ఆయన మొహం నేను చూశాను. చూసి కూడా ఆ మాటన్నాను" అని లేచి వెళ్లిపోయాడు.

నాన్న మాత్రం నాతో మాట్లాడటం మానలేదు. ఇరవై కిలోలూ పూర్తయ్యేదాకా రోజూ నా పక్కనే నిలబడి గ్రంథులు తీసిచ్చాడు. కొత్తగా చేరిన వాళ్లకి నేర్పమంటే నా చేత నేర్పించాడు. ఇంజెక్షన్లు ఆగిపోయాక నొప్పి కొన్ని రోజులు ఉండేది, కొన్ని రోజులు ఉండేది కాదు. అన్నయ్య డ్యూటీ నుంచి రాగానే వసారాలో ఆయన పక్కన కూర్చుని, ఇవాళ ఎలా ఉందని అడిగేవాడు. నాన్న చెప్పేవాడు, పొద్దున ఎలా ఉందో, మధ్యాహ్నం ఎలా మారిందో, మంట ఎంతో, పోటు ఎంతో, పూసగుచ్చినట్టు చెప్పేవాడు. వాడు లిఫ్టు చప్పుడు విన్నట్టు చెవి ఒగ్గి వినేవాడు. లోపల్నుంచి నాకు అన్నీ వినపడేవి.

నేను కాఫీ పట్టుకుని వస్తే ఇద్దరూ ఆగేవాళ్లు. నొప్పి ఎలా ఉంది నాన్నా అని అడిగితే, ఆసుపత్రిలో నర్సుకి చెప్పినంత మర్యాదగా, "బాగానే ఉంది తల్లీ" అనేవాడు. ఇప్పటికీ అదే అంటాడు. నేను కప్పు ఆయన కుడిచేతికి అందించి, ఖాళీ అయ్యేదాకా అక్కడే నిలబడతాను.